అద్దంలా మెరిసిన ఎనిమిది టాపెట్లు

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన కుర్రవాడికి రెండు జబ్బులు తప్పకుండా పట్టుకునేవి. ఒకటి, జేబులో ఎప్పుడూ ఏదో ఒక కొలత పరికరం పెట్టుకుని తిరగడం. రెండోది, కనబడిన ప్రతి యంత్రం మీదా మనసులోనే ఒక రిపోర్టు రాసేయడం. నాకు రెండూ ముదిరిపోయాయి. బస్సెక్కితే డ్రైవరు గేరు మార్చే తీరు చూసి తల అడ్డంగా ఊపేవాణ్ణి. మా ఊరు రొద్దంలో మా అవ్వ రాగులు విసురుతుంటే ఎదురుగా కూర్చుని, రాయి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో గడియారం చూసి చెప్పేవాణ్ణి. (అవ్వ శ్రద్ధగా విని, "సరేలే, ఆ పిండి ఇట్ల తొయ్యి" అనేది.) డెబ్బైల చివరి మాట ఇది. అప్పుడు నా దగ్గర ఇరవై రెండేళ్ల వయసు, ఒక ట్రంకు పెట్టెడు పుస్తకాలు, వెంట్రుక మందం కూడా కొలిచే, బెంగుళూరు నుంచి తెచ్చుకున్న మైక్రోమీటరు ఉండేవి. లేనిదేమిటో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఉద్యోగం హిందూపురంలో, పెనుకొండ పోయే రోడ్డు పక్కన, ఒక రేకుల షెడ్డులో దొరికింది. దాని యజమాని అరవైకి దగ్గరపడిన సాయిబు. ఊళ్లో అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి జబ్బు ఏమిటో, ఏ సిలిండరులో ఉందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. నేను దీన్ని కాకతాళీయం కింద జమకట్టాను. ఒకసారి జరిగితే కాకతాళీయం గాని, నేను చూస్తుండగానే ఇరవైసార్లు జరిగింది. అయినా పుస్తకంలో లేదు కదా అని సరిపెట్టుకున్నాను. ఆయన నన్ను మొదటి రోజు నుంచీ "డిప్లొమా" అనే పిలిచాడు. నేను దాన్ని గౌరవమనుకున్నాను. (ఇప్పటికీ పూర్తిగా కాదనుకోవడానికి మనసు రాదు.)

నేను చేరిన నాలుగో నెలలో ఆయన కూతురు కాన్పుకని గుడిబండకు బయలుదేరాడు. రెండు వారాలు ఉండనని చెప్పి, షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టాడు. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు తుడవడం, బ్రేకులు బిగించడం, ఇవి చేసుకోమన్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంజను కడుపు మాత్రం నేనొచ్చేదాకా కొయ్యొద్దప్పా" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపుడులో నిజాయితీ ఉంది. అది రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు పొద్దున పెద్ద మేడం వచ్చింది. ఆమె పెనుకొండలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి. అక్కడే ఒంటరిగా ఉండేది. ఆ చుట్టుపక్కల కారు స్వయంగా నడుపుకునే ఆడమనిషిని అప్పటికి నేను ఆమెనొక్కదాన్నే చూశాను. ఆ కారు ఆమె తండ్రిది. ఇంగ్లాండు నుంచి ఓడలో వచ్చిన నల్లటి, గుండ్రటి వీపు బండి. నాకన్నా వయసులో పెద్దది. ప్రతి శనివారం ఆమె దాంట్లో ధర్మవరం వెళ్లి తన అక్కను చూసి వచ్చేది. అక్కగారు ఒకప్పుడు నాలుగు పట్టు మగ్గాలను ఒంటిచేత్తో నడిపించిన మనిషట. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా కొడుకింట్లో మంచానికి అతుక్కుపోయింది. ఆమెకు వారమంతా ఎదురుచూసే సంగతి ఒకటే, శనివారం పది గంటలకు వీధిలో ఆ కారు హారను మోగడం. ఇప్పుడు ఆ కారు టక్కు టక్కుమంటోంది, ఎత్తు వస్తే గస పెడుతోంది అని మేడం చెప్పింది. మేస్త్రీ వచ్చేదాకా నెమ్మదిగా తోలుకోవచ్చా అని అడిగింది. తోలుకోవచ్చు అని ఒక్క మాట అంటే ఈ కథే లేదు. నేను విప్పి చూడాలన్నాను.

ఇంజను సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. దాని కడుపులో క్యామ్‌షాఫ్ట్ అని ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. ఆ బండిలో దాని మీద ఎనిమిది బొడిపెలు. కడ్డీ తిరిగినప్పుడల్లా ఒక్కో బొడిపె తన మీద కూర్చున్న చిన్న గిన్నెలాంటి ఉక్కు ముక్కను పైకి తోస్తుంది. ఆ ముక్కను టాపెట్ అంటారు. టాపెట్ లేస్తే పైన వాల్వు తెరుచుకుని ఇంజను ఊపిరి తీస్తుంది. అంతే. నేను రెండు రోజులు తంటాలు పడి ఆ కడ్డీ బయటికి తీసేసరికి, ఏడు బొడిపెలు నిక్షేపంగా ఉన్నాయి. ఆరోది మాత్రం ఎలుక కొరికిన కొబ్బరిముక్కలా సగానికి అరిగిపోయి ఉంది. ఒకే ఇంజను, ఒకే ఆయిల్, ఒకే కడ్డీ. ఒక్కటే ఎందుకు అరిగింది? మేస్త్రీ అయితే అక్కడ ఆగి, ఆ ప్రశ్న పక్కన బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. నేను కూర్చోలేదు. తొమ్మిది పేజీల రిపోర్టు రాశాను.

ఆ రిపోర్టు ఇంగ్లీషులో రాశాను. అందులో ఆయిల్ పలచబడడం గురించి మూడు పేజీలు, ఉక్కు గట్టిదనం గురించి నాలుగు పేజీలు, బండిని మరీ నెమ్మదిగా నడిపే అలవాటు మీద ఒక పేజీ (అది మేడంను ఉద్దేశించినది), చివర ఒక గ్రాఫు ఉన్నాయి. గ్రాఫులో గీత ఎటు పోవాలో తేలక మధ్యస్థంగా గీశాను. మేడం షెడ్డులో స్టూలు మీద కూర్చుని తొమ్మిది పేజీలూ చదివింది. సంచిలోంచి ఎర్ర సిరా కలం తీసి పదకొండు స్పెల్లింగు తప్పులు దిద్దింది. తర్వాత కళ్లద్దాలు తీసి, నెమ్మదిగా అడిగింది.

"ఇంత రాసినావు గాని నాయనా, ఆరోదే ఎందుకు అరిగినాదో యాడా రాయలేదే?"

అది ఎనిమిదో పేజీలో సూచనప్రాయంగా ఉందన్నాను. ఆమె టీచరుగా ముప్పై ఏళ్లు ఇలాంటి జవాబులు వినీ వినీ ఉన్న మనిషి గనక, కలానికి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

బెంగుళూరులో పాత బండ్ల సామాను అమ్మే వీధిలో వెతికి కొత్త క్యామ్‌షాఫ్ట్ తెచ్చాను. బిగించబోతూ పాత టాపెట్లను శుభ్రం చేస్తుంటే నా మైక్రోమీటరు ఒక విడ్డూరం చెప్పింది. టాపెట్ల అడుగులు చదునుగా లేవు. మన వేలి గోరు మధ్యలో రవ్వంత ఎత్తుగా ఉన్నట్టు, అరిగిన ఆరోది తప్ప ప్రతి టాపెట్ అడుగూ నడిమధ్యలో కంటికి కనబడనంత ఎత్తుగా ఉంది. ఇంగ్లాండులో వాళ్లెవరో పని సగంలో వదిలేసి టీకి పోయారని నాకు నవ్వొచ్చింది. వెంటనే ఎనిమిదింటినీ గ్రైండింగ్ షాపుకు పట్టుకుపోయి, పక్కనే నిలబడి చదును చేయించాను. ఆ నునుపు మీరు చూసి ఉండాల్సింది. నా మీసం కనబడింది. రెంటిని ముఖాముఖి ఆనించి నూనె రాస్తే చెయ్యి వదిలినా విడిపోకుండా అతుక్కుని ఉండేవి. టైరు పంక్చరుకు వచ్చినవాళ్లకు కూడా పిలిచి చూపించాను. ఒక లారీ డ్రైవరు చాలాసేపు చూసి, బాగుండాదప్పా, ఇది దేనికి అని అడిగాడు.

ఈ పనిలో రెండు శనివారాలు పోయాయి. ఆ రెండు వారాలూ మేడం మోకాలి నొప్పితో బస్సులో ధర్మవరం వెళ్లి వచ్చింది. తర్వాత బండి తీసుకుని పోయింది. టక్కు టక్కు లేదు, ఎత్తు మీద గస లేదు. గుడిబండ నుంచి తిరిగొచ్చిన మేస్త్రీకి సంగతంతా చెప్పాను. కడుపు కోసినందుకు ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది గాని, మనవరాలు పుట్టిన సంతోషంలో ఉండడంతో పెద్దగా ఏమీ అనలేదు. టాపెట్ల సంగతి మాత్రం నేను చెప్పలేదు. దాచాలని కాదు. అంత చిన్న మెరుగుల గురించి సొంత డబ్బా కొట్టుకోవడం ఎందుకని.

మేడం బండి తీసుకుపోయాక నాలుగో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ధర్మవరం వైపు నుంచి వచ్చిన బస్సు షెడ్డు ముందు ఆగింది. కండక్టరు దిగి ఒక చీటీ ఇచ్చి పోయాడు. అందులో మేడం చేతిరాత గుండ్రంగా ఉంది. బండి చెన్నేకొత్తపల్లి దగ్గర నిలిచిపోయినదనీ, అక్క కూడా తనతోనే ఉన్నదనీ, కంగారు పడకుండా రమ్మనీ. చీటీ చదివి మేస్త్రీ పనిముట్ల సంచి అందుకున్నాడు. అక్క కూడా ఉందన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. రెండేళ్లుగా గడప దాటని మనిషి. చెల్లెలింట్లో మూడు రోజులుంటానని పట్టుబట్టి, కొడుకును ఒప్పించి, నలుగురి చేత కారులో ఎక్కించుకుని బయలుదేరిందట. దారి మధ్యలో నా పనితనం ఆమెను దించేసింది.

మేము పోయేసరికి మూడున్నర దాటింది. రోడ్డు పక్క హోటలు ముందు, రేకుల నీడలో, నులక మంచం మీద అక్కగారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఎడమ చేత్తో బొరుగుల ఉగ్గాని తింటున్నారు. నేను అనుకున్నట్టు ఏడుస్తూ లేరు. వచ్చే బస్సులు, పోయే మేకలు, లారీల వెనక బొమ్మలు, అన్నీ వంతులవారీగా చూస్తున్నారు. మేస్త్రీ స్క్రూడ్రైవరు ఆనించి, బండి ముందున్న హ్యాండిల్ నాతో తిప్పించి విన్నాడు. ఈసారి ఎక్కువసేపు విన్నాడు. లేచి నా వంక చూసి, స్క్రూడ్రైవరు సంచిలో పడేశాడు.

వేరే జీపు ఏదైనా మాట్లాడదామంటే అక్కగారు ససేమిరా అన్నారు. మా నాయన కారు తప్ప ఇంకోటి ఎక్కనని తేల్చేశారు. చివరికి వేరుశనగ మూటలతో పెనుకొండ వైపు పోతున్న ట్రాక్టరును ఆపి, కారుకు మోకు కట్టాం. మేడం స్టీరింగు పట్టుకుంది, పక్కన అక్కగారు, వెనక మేస్త్రీ. బరువు తగ్గాలని నేను ట్రాక్టరు ట్రాలీలో మూటల మీద, కారు వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. సైకిలు మనిషి మమ్మల్ని దాటిపోయే వేగంతో రెండు గంటలకు పైగా సాగిందా ప్రయాణం. ప్రతి ఊరి దగ్గరా పిల్లలు వెంటబడ్డారు. అక్కగారు పనిచేసే చేత్తో వాళ్లకు చెయ్యి ఊపుతూనే ఉన్నారు, ఎన్నికలకు నిలబడినట్టు. కారు లోపల అందరూ నాకు ఎదురుగానే ఉన్నారు. తల తిప్పుకుందామంటే మూటల మీద ఒకటే పక్క కూర్చునే వీలుంది.

మర్నాడు పొద్దున పెనుకొండలో మేడం ఇంటి ఆవరణలోనే ఇంజను విప్పాం. వరండాలో కుర్చీ వేయించుకుని అక్కగారు చూస్తూ కూర్చున్నారు. కొత్త క్యామ్‌షాఫ్ట్ బయటికి వచ్చింది. ఈసారి ఒక్కటి కాదు, ఎనిమిది బొడిపెలూ అరిగిపోయి ఉన్నాయి. బెంగుళూరు వాడు మెత్తటి ఉక్కు అంటగట్టాడని నేను గబగబా మొదలుపెట్టాను. నోట్లో రెండో రిపోర్టు తయారైపోతోంది. మేస్త్రీ వినలేదు. రెండు టాపెట్లు తీసుకుని, తుడిచి, ముఖాముఖి పెట్టి ఎండకేసి పట్టుకున్నాడు. అంచుల్లో వెలుగు సన్నగా కనబడాలి, కనబడలేదు. చెయ్యి వదిలాడు. అవి ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. నేను పంక్చరువాళ్లకు చూపించిన విద్యే.

"వీటి నడిమి ఎత్తు ఎవరప్పా తీసింది?" అన్నాడు.

గ్రైండింగ్ షాపులో తీశారన్నాను.

"ఆ షాపు నడుచుకుంటా వచ్చి తీసుకపోయినాదా?"

ఆయన కోప్పడకుండా ఒక టాపెట్‌ను అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పుతూ చెప్పాడు. "ఇది పైకి లేస్తా కిందికి దిగుతా, తన సుట్టూ తాను తిరగల్ల. తిరిగితే అరుగుదల అంతా పంచుకుంటాది. తిరక్కపోతే ఒకే తావున రుద్దుతాది. ఆ రవ్వంత ఎత్తు ఉండాది చూడు, అది ఉంటేనే ఇది తిరిగేది."

ఆ వాక్యం నా పుస్తకంలో ఉంది. నూట నలభయ్యో పేజీ దగ్గర్లో ఎక్కడో. పరీక్షకు రాదని ఎవరో చెబితే వదిలేశాను.

నన్ను అక్కడే వదిలేసి ఉంటే ఆ రోజు అంతటితో ముగిసేది. కాని ఆయన ఆరో, ఏడో టాపెట్లు కూర్చునే గుంతల్లోకి చిటికెన వేలు పోనిచ్చి తడిమాడు. ఆరో గుంత దగ్గర వేలు ఆగింది. కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. ఆయన ముఖం మారడం నేను చూశాను. లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని, వరండా దగ్గరికి పోయి మేడం ముందు నిలబడ్డాడు. రెండేళ్ల కింద ఇదే టాపెట్ ఇరుక్కుంటే తానే స్క్రూడ్రైవరు పెట్టి కొట్టి తీశాడట. అప్పుడు లోపల గీరుకుని చిన్న ముల్లులా లేచింది. ఆ ముల్లు పట్టుకోవడంతో ఆరోది తిరగడం మానేసింది. మొదటి క్యామ్‌షాఫ్ట్ పోయింది అందుకే.

"మొదటిది నా చేతి తప్పు మేడమ్మా," అన్నాడు. రెండోది ఎవరిదో చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు.

అరవై ఏళ్ల మనిషి, పాతికేళ్లుగా చుట్టుపక్కల మూడు తాలూకాల్లో పేరున్నవాడు, ఎవరూ అడగకుండా ఒప్పుకుని నిలబడితే, ఐదు నెలల ఉద్యోగం ఉన్న నేను పనిముట్లు సర్దుతున్నట్టు నటించడం ఎంతసేపు? పోయి ఆయన పక్కన నిలబడ్డాను. రెండోది నాదే అన్నాను. అద్దంలా నునుపు చేశానని, మీసం కూడా చూసుకున్నానని, అవసరం లేని వివరాలన్నీ చెప్పేశాను. (రిపోర్టులు రాసే అలవాటు అంత త్వరగా పోదు.) మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అని భయపడ్డాను. నవ్వుతోంది. ఇది తొమ్మిది పేజీలకన్నా బాగుందని, ఒక్క తప్పు కూడా దిద్దాల్సిన పని లేదని అంది.

మేస్త్రీ ఆ ముల్లును సన్నటి ఎమెరీ కాగితంతో తీసేశాడు. ఇంకో క్యామ్‌షాఫ్ట్‌కు, ఎనిమిది కొత్త టాపెట్లకు బెంగుళూరుకు ఉత్తరం రాయాలి. పార్సిలు రావడానికి వారం పట్టొచ్చని మేడంకు చెప్పి బయలుదేరాం. నేను చెప్పులు వేసుకుంటుంటే వరండాలోంచి అక్కగారు దగ్గరికి రమ్మని సైగ చేశారు. మేడం లోపలికి పోయిందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమబ్బా, మీ పార్సిలు నిదానంగా వస్తే ఏమన్నా నష్టమా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నా ముంజేయి పట్టుకున్నారు. "మూడు దినాలకని వచ్చినా. బండి బాగైతే తోలుకపోతారు. రెండేండ్ల నుంచి ఆ ఇంటి పైకప్పే చూస్తాండా. ఈడ ఇద్దరం మాట్లాడుకుంటా ఉండాము. మా చెల్లెలికి చెప్పొద్దు."

హిందూపురం బస్సులో మేస్త్రీకి ఈ సంగతి చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఐదో రోజే పార్సిలు వచ్చింది. నేను సంతకం పెట్టి తీసుకుని, విప్పి సామాను సరిచూసి, మేస్త్రీ ఎదురుగా బల్ల మీద పెట్టాను. ఆయన టీ తాగుతూ దాని వంకే చూశాడు.

"పార్సిలు వచ్చినాది మేస్త్రీ," అన్నాను.

"యాడొచ్చినాది? నాకు కనపళ్లేదే," అన్నాడు. లేచి, దాన్ని రెండు చేతులా ఎత్తి, పైనున్న చెక్క అటక మీద పాత రేడియేటరు వెనక్కి నెట్టి, మళ్లీ వచ్చి టీ అందుకున్నాడు. ఇంజను విషయంలో కూతురు మామగారితో కూడా అబద్ధం ఆడనివాడని పేరున్న మనిషి. ధర్మవరం నుంచి అక్కగారి కొడుకు రెండుసార్లు వచ్చి అడిగినప్పుడు కూడా, ఇంకా రాలేదప్పా, ఏం చేస్తాం అని తలపట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి అటక వైపు చూడకుండా ఉండడానికి పడ్డ పాట్లు డిప్లొమా పరీక్షల్లో కూడా పడలేదు.

నాలుగు వారాలకు ఇక తప్పదని పార్సిలు దించాం. పెనుకొండ పోయి అన్నీ బిగించాం. ఇంజను పక్క మూత బిగించకముందే మేస్త్రీ టాపెట్లన్నిటి మీదా సుద్దతో ఒక్కో గీత గీసి, నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. ఎనిమిది తెల్లగీతలూ పైకీ కిందికీ పోతూ, నిదానంగా తమ చుట్టూ తాము తిరిగాయి. ఆరోది కూడా. వరండాలో అక్కగారు ఏదో చెబుతున్నారు, మేడం నవ్వుతోంది. నేను కావలసినదానికన్నా చాలాసేపు తిప్పుతూనే ఉన్నాను.

అక్కగారిని ధర్మవరంలో దించడానికి బయలుదేరేటప్పుడు మేడం స్టీరింగు ముందు కూర్చుని, బెంగుళూరు నుంచి పార్సిలు రావడానికి నాలుగు వారాలు ఎందుకు పట్టింది మేస్త్రీ అని అడిగింది.

"వానలు మేడమ్మా," అన్నాడాయన.

అది మే నెల. ఆ ఏడు మా జిల్లాలో అప్పటికి చుక్క పడలేదు. మేడం తల బయటికి పెట్టి, ఒక్క మబ్బు కూడా లేని ఆకాశాన్ని కాసేపు చూసింది. పక్కనున్న అక్కగారిని చూసింది. అక్కగారు బుద్ధిగా ముందున్న అద్దంలోంచి రోడ్డు వంక చూస్తున్నారు. "ఔను, వానలు జాస్తి," అని మేడం గేరు వేసింది.

తర్వాత నేను చాలా ఇంజన్లు విప్పాను. పై ఊళ్లకు పోయాను, పెద్ద ఉద్యోగాలు చేశాను, లెక్కలేనన్ని రిపోర్టులు రాశాను. వాటిల్లో చాలావాటికి గ్రాఫులు కూడా ఉన్నాయి. ఇప్పుడు రిటైరై, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఇది రాస్తుంటే, జేబులో మైక్రోమీటరుతో ఆ రేకుల షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్న ఆ కుర్రవాడు కళ్లముందు కనబడుతున్నాడు. పిలిచి రెండు మంచి మాటలు చెబుదామనిపిస్తుంది. కాని అతను ఆగి వినేరకం కాదు. పైగా విన్నాడంటే, అక్కగారికి చెల్లెలితో ఆ నెల రోజులు దొరికేవి కావు. అందుకని పిలవను. పోనీ పాపం, మీసం చూసుకోనిస్తాను.